భాష మనిషిది, కొలత రోడ్డుది

డబ్లిన్‌లో ఉద్యోగం చేసే తెలుగు కుర్రాడొకడు శనివారం పొద్దున్నే కారు తీసి బెల్‌ఫాస్ట్‌కు బయల్దేరాడనుకోండి. అతని ఫోన్‌లో భాష తెలుగు, ప్రాంతం ఇండియా. విమానం ఎక్కేనాటికి ఉన్న సెట్టింగే అది, ఆ తర్వాత దాని జోలికి పోలేదు. ఉత్తరంగా వెళ్ళే ఎం1 మోటర్‌వే మీద వేగపరిమితి బోర్డు 120 అంటుంది. అంకె కింద 'గంటకు కిలోమీటర్లు' అనే గుర్తు కూడా ఉంటుంది. మ్యాప్ యాప్ కూడా 120 అనే చూపిస్తుంది. పేచీ లేదు. డండాక్ దాటి న్యూరీ వైపు వెళ్తుండగా దేశం మారుతుంది. గేటు లేదు, ఆపేవాళ్ళు లేరు. ఐర్లండ్ రిపబ్లిక్ నేల ముగిసి, యునైటెడ్ కింగ్‌డమ్‌లో భాగమైన ఉత్తర ఐర్లండ్ వచ్చిందని చెప్పేది రోడ్డు పక్కన బోర్డులే. ఇకనుంచి వేగం మైళ్ళలో అని ఒక బోర్డు గుర్తుచేస్తుంది, అంతే. ఆ తర్వాత వచ్చే వేగం బోర్డుల్లో ఉత్త అంకె తప్ప యూనిట్ ఉండదు. ఎర్ర అంచు గుండ్రటి బోర్డులో 50 అని ఉంటే అది 50 మైళ్ళు. మన లెక్కలో 80 కిలోమీటర్లు.

ఇప్పుడు యాప్ ఏ అంకె చూపాలి? ఫోన్ ఇండియాది కాబట్టి కిలోమీటర్లే వాడదామనుకునే యాప్ 80 అని చూపిస్తుంది. లెక్క ప్రకారం తప్పు లేదు. కానీ ఎదురుగా బోర్డు మీద 50, చేతికిందున్న తెరమీద 80 కనిపిస్తుంటే బండి నడిపేవాడికి ఏది నమ్మాలో తెలియదు. 50 అంటే 50 కిలోమీటర్లేమో అనుకుని నెమ్మదించాడా, వెనకొచ్చేవాడు హారన్ కొడతాడు. తిరుగు ప్రయాణంలో ఇదే గందరగోళం ఇంకో వైపునుంచి వస్తుంది. అప్పుడు కిలోమీటర్ల అంకెను మైళ్ళనుకున్నాడా, హారన్‌తో పోదు, ఫైన్ పడుతుంది.

యాప్‌ను ఒక ప్రాంతానికి తగ్గట్టు మార్చడమంటే మెనూలు ఆ భాషలోకి తిప్పడం, మైళ్ళను 1.609తో గుణించడం అనుకుంటారు చాలామంది. నేను ఈ విషయాన్ని చూసే తీరు వేరు. వినిపించే భాష మనిషిది. బోర్డు, దానిమీది కొలత రోడ్డువి. స్పీడోమీటరు కారుది. ఈ మూడూ ఒకే ఊరివి కావాలని ఎక్కడా లేదు. తెలుగు మాట్లాడే మనిషి, ఐర్లండ్‌లో కొన్న కారు, బ్రిటిష్ రోడ్డు ఒకే క్షణంలో ఒకేచోట ఉండొచ్చు. ఫోన్‌లో ఉన్న 'ప్రాంతం' అనే ఒక్క సెట్టింగును ఈ మూడింటికీ జవాబుగా వాడుకోవడం దగ్గరే తంటా మొదలవుతుంది.

ఒకే మూటలో కట్టలేనివి

ఓస్మ్‌యాండ్ అని ఒక ఓపెన్ సోర్స్ నావిగేషన్ యాప్ ఉంది. అందులో 'డ్రైవింగ్ రీజియన్' అనే సెట్టింగు ఉంటుంది. అదొక్కటి మారిస్తే బండి రోడ్డుకు ఏ పక్కన నడవాలి, దూరం ఏ కొలతలో చెప్పాలి, గుర్తులు అమెరికా తరహాలో ఉండాలా వద్దా అనేవన్నీ కలిసి మారేలా కట్టారు. ఆ జాబితాలో ఒకప్పుడు 'యూకే, ఇండియా, ఇంకా అలాంటివి' అని ఒక వరుస ఉండేది. ఎందుకు కలిపారో ఊహించడం కష్టమేమీ కాదు. రెండు దేశాల్లోనూ బండి ఎడమ పక్కనే నడుస్తుంది. కానీ మనం 1956లో చేసిన తూనికలు, కొలతల చట్టంతో మైలుకు సెలవిచ్చేశాం. 'మైలురాయి' అనే మాట మిగిలింది గానీ ఆ రాయి మీద ఉండేది కిలోమీటర్లే. బ్రిటన్ రోడ్లమీద మైలు ఇంకా కొలువులోనే ఉంది. తర్వాత్తర్వాత ఆ యాప్‌లో ఇండియాకు వేరే వరుస వచ్చింది.

ఇది ఒక్క యాప్ పొరపాటని ఎత్తిచూపడం నా ఉద్దేశం కాదు. ఏ మూట కట్టినా ఇలాగే జారిపోతుంది. ఐర్లండ్‌లో ఎడమ పక్క, కిలోమీటర్లు, హెచ్చరిక బోర్డు మాత్రం అమెరికాలోలాగా పసుపు పచ్చ డైమండ్. పక్కనున్న బ్రిటన్‌లో ఎడమ పక్క, మైళ్ళు, ఎర్ర అంచు త్రికోణం. ఇండియాలో ఎడమ పక్క, కిలోమీటర్లు, త్రికోణం. అమెరికాలో కుడి పక్క, మైళ్ళు, డైమండ్. కెనడా కూడా కుడి పక్క, డైమండ్, కానీ 1977 నుంచి కిలోమీటర్లు. పైగా అమెరికా వేగం బోర్డు మీద 'స్పీడ్ లిమిట్' అని ఉంటే, కెనడా బోర్డు మీద 'మ్యాక్సిమమ్' అని ఉంటుంది. హెచ్చరిక బోర్డు త్రికోణమైనా, డైమండైనా ఫరవాలేదని రోడ్డు గుర్తుల మీద దేశాలు కుదుర్చుకున్న 1968 నాటి వియన్నా ఒప్పందమే చెప్పింది. అమెరికా ఆ ఒప్పందంలో చేరనేలేదు, దానికి సొంత మాన్యువల్ ఉంది.

ఒకే దేశంలోనైనా కొలతలన్నీ ఒక జట్టుగా ఉంటాయా అంటే అదీ లేదు. బ్రిటన్‌లో దూరం మైళ్ళలో, దగ్గర దూరం యార్డుల్లో, వంతెన ఎత్తు అడుగులు-అంగుళాల్లో (ఇప్పుడు పక్కనే మీటర్లు కూడా), బరువు టన్నుల్లో, అదీ మెట్రిక్ టన్నుల్లో. పెట్రోలు అమ్మేది లీటర్లలో, మైలేజీ చెప్పుకునేది గ్యాలన్లలో. 'బ్రిటన్ అంటే ఇంపీరియల్ (పాత బ్రిటిష్ కొలతలు)' అని ఒక్క గీత గీసిన ప్రోగ్రామర్ ఏడున్నర టన్నుల బోర్డు దగ్గర దొరికిపోతాడు. ప్యూర్టోరికోలో దూరం కిలోమీటర్లలో రాసి, వేగం మైళ్ళలో రాస్తారు. అంటే దూరానికీ వేగానికీ కూడా ఒకే స్విచ్ సరిపోదు.

అమెరికాలో ఇంకో విడ్డూరం ఉంది. అరిజోనాలో టూసాన్ నుంచి మెక్సికో సరిహద్దులోని నొగాలెస్ దాకా వెళ్ళే ఇంటర్‌స్టేట్ 19 మీద దూరాలు కిలోమీటర్లలో ఉంటాయి. 1975లో అమెరికా మెట్రిక్ చట్టం చేసుకున్నాక మొదలైన ఉత్సాహంలో మిగిలిపోయిన రోడ్డది. మొత్తం పొడవు వంద కిలోమీటర్ల పైచిలుకు. దూరాలు కిలోమీటర్లలో ఉన్నా వేగపరిమితి మాత్రం మైళ్ళలోనే. ఎగ్జిట్ నంబర్లు కూడా కిలోమీటర్ల ప్రకారం వేసినవే. ఆ బోర్డులు తీసేసి మైళ్ళు పెడదామన్నప్పుడు దారి పొడవునా ఉన్న వ్యాపారులు ఒప్పుకోలేదు. వాళ్ళ ప్రకటనలన్నిటిలో 'ఫలానా ఎగ్జిట్ దగ్గర' అని ఉంది మరి. కాబట్టి కొలతను దేశాన్నిబట్టి నిర్ణయించడం కూడా చాలదు. ఒక్కోసారి ఆ ఒక్క రోడ్డును అడగాల్సిందే.

రంగుల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. బ్రిటన్‌లో మోటర్‌వే బోర్డు నీలం, దాని తర్వాతి పెద్ద రోడ్డుది ఆకుపచ్చ. ఇటలీలో సరిగ్గా తిరగేసి ఉంటుంది: ఆటోస్ట్రాడా, అంటే అక్కడి మోటర్‌వే, ఆకుపచ్చ; మామూలు పెద్ద రోడ్డు నీలం. 2004లో ఇంగ్లండ్‌లో పుట్టిన, ఎవరైనా చేయివేసి నింపగల ఉచిత మ్యాప్ ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ చాలా ఏళ్ళు లోకమంతటికీ బ్రిటిష్ రంగులే పూసింది. హైదరాబాద్ రింగ్ రోడ్డూ నీలమే, మిలాన్ హైవే కూడా నీలమే. 2015లో దాన్ని మార్చి, ఎవరి బోర్డులకూ చెందని ఎరుపు, నారింజ, పసుపు వరుస పెట్టారు. ఒక దేశపు అలవాటు లోకానికి రుద్దడం కంటే ఎవరిదీ కాని రంగు మేలనుకున్నారు. రంగుకు అది కుదిరింది. కొలతకు అలా కుదరదు, ఎవరిదీ కాని కిలోమీటరు ఉండదు కదా.

బోర్డు మీద లేని అంకె

బ్రిటన్‌లో తెల్లటి గుండ్రటి బోర్డు మీద ఏటవాలుగా నల్లగీత ఒకటి కనిపిస్తుంది. అంకె ఏదీ ఉండదు. 'ఇక్కడ జాతీయ పరిమితి వర్తిస్తుంది' అని దానర్థం. ఆ పరిమితి ఎంత? మధ్యలో డివైడర్ లేని రోడ్డైతే కారుకు 60 మైళ్ళు, ఉంటే 70. అంటే యాప్‌కు బోర్డు ఫొటో ఉన్నా ఉపయోగం లేదు, ఆ రోడ్డు ఎలాంటిదో తెలియాలి. జర్మనీ మోటర్‌వే అయిన ఆటోబాన్‌లో కొన్నిచోట్ల అసలు పరిమితే లేదు. డేటాలో అక్కడ సున్నా రాసినా తప్పే, ఖాళీ వదిలినా తప్పే. ఖాళీ అంటే 'తెలియదు' అని, ఇక్కడ మనకు కావాల్సింది 'లేదు' అని. ఫ్రాన్స్ మోటర్‌వే మీద మామూలుగా 130, వాన పడితే 110. అంటే యాప్ ఆకాశం వైపు కూడా చూడాలన్నమాట.

ఇక మార్పిడి సంగతి. 30 మైళ్ళను కిలోమీటర్లలోకి మారిస్తే 48 వస్తుంది. 48 అని రాసిన వేగపరిమితి బోర్డు మీరెక్కడైనా చూశారా? పరిమితి అనేది భౌతికశాస్త్రం లెక్క కాదు, ఎవరో అధికారి ఒక బోర్డు మీద రాయించిన అంకె. ఆ అంకెను ఉన్నదున్నట్టు చూపాలి. ఇప్పుడు నడుస్తున్న వేగం కూడా పక్కనే అదే కొలతలో ఉండాలి. కారులో ఉన్న స్పీడోమీటరు వేరే కొలతలో ఉంటే అప్పుడు రెండో అంకెను చిన్నగా కింద వేసుకోవచ్చు. పెద్దది మాత్రం బోర్డుదే కావాలి.

ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో వేగపరిమితి రాసే పద్ధతి ఈ విషయంలో నాకు నచ్చుతుంది. ఉత్త అంకె రాస్తే గంటకు కిలోమీటర్లని అర్థం. మైళ్ళయితే అంకె పక్కన ఆ మాట కూడా రాయాలి. మార్చి రాయొద్దు, బోర్డు మీద ఏముందో అదే రాయమంటారు. మార్చేపని తర్వాత ఎప్పుడైనా చేసుకోవచ్చు. ఒకసారి మార్చి 48 అని దాచుకున్నాక అది 30 నుంచి వచ్చిందన్న సంగతి పోతుంది.

ఎత్తు దగ్గర ఇది ఇంకా ప్రమాదం. అమెరికాలో నార్త్ కరోలినాలోని డర్హమ్ ఊళ్ళో ఒక రైలు వంతెన ఉంది. దాని ఎత్తు బోర్డు మీద ఒకప్పుడు 11 అడుగుల 8 అంగుళాలు అని ఉండేది. ఆ బోర్డు చూడకుండా వచ్చిన అద్దె ట్రక్కుల పైకప్పులు డబ్బా మూత తీసినట్టు ఊడిపోయేవి. ఏళ్ళ తరబడి అలా జరిగాక 2019లో వంతెనను 8 అంగుళాలు పైకి లేపారు, ఇప్పుడు 12 అడుగుల 4 అంగుళాలు. పాత ఎత్తును మీటర్లలోకి మార్చి చూడండి: 3.556. దగ్గరి అంకెకు సవరిస్తే 3.6. అంటే యాప్ వంతెనను నాలుగు సెంటీమీటర్లకు పైగా పెంచేసింది. 3.58 మీటర్ల ట్రక్కును 'రా, పరవాలేదు' అని పిలుస్తుంది. కొత్త ఎత్తు 3.759, సవరిస్తే 3.8, మళ్ళీ పెరిగింది. దూరాన్ని దగ్గరి అంకెకు సవరించొచ్చు. ఎత్తునూ బరువునూ ఎప్పుడూ కిందికే సవరించాలి. స్కూల్లో నేర్చుకున్న సగానికి పైనైతే పైకి అనే సూత్రం ఇక్కడ పైకప్పు తీస్తుంది.

ఇంకో ఉచ్చు కూడా ఉంది. 11 అడుగుల 8 అంగుళాలను ఎవరో తొందరలో 11.8 అని రాశారనుకోండి. మొదటి సంగతి, అది 11.8 అడుగులు కాదు, అడుగుకు అంగుళాలు పన్నెండు కాబట్టి 11.67. రెండోది, యూనిట్ రాయని ఎత్తును ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో మీటర్లుగా తీసుకుంటారు. 11.8 మీటర్ల వంతెన కింద మూడంతస్తుల మేడ దూరిపోతుంది.

ఊరి పేరు ఎవరి నోట

బ్రసెల్స్ నుంచి ఫ్రాన్స్‌లోని లీల్ నగరానికి వెళ్తుంటే బెల్జియంలోని డచ్ ప్రాంతంలో బోర్డుల మీద లీల్ కనిపించదు, 'రైసెల్' కనిపిస్తుంది. డచ్ వాళ్ళు ఆ ఊరిని అలాగే పిలుస్తారు. ఫ్రెంచ్ ప్రాంతంలోకి వెళ్ళగానే మళ్ళీ లీల్. మోన్స్ అనే ఊరు అటువైపునుంచి చూస్తే 'బెర్గెన్'. ఫోన్ భాషను బట్టి పేరు చెప్పే యాప్ 'లీల్ వైపు వెళ్ళండి' అంటుంది, బోర్డు మీద ఆ పేరే ఉండదు. తిరగాల్సినచోట కళ్ళు వెతికేది చెవిలో పడిన మాటనే. కాబట్టి పేరు కూడా కొలతలాగే రోడ్డు సొత్తు.

అనువాదం మీద మరీ భరోసా పెట్టుకుంటే ఏమవుతుందో వేల్స్‌లోని స్వాన్‌సీ కౌన్సిల్‌కు 2008లో తెలిసొచ్చింది. అక్కడ బోర్డులు ఇంగ్లిషులోనూ వెల్ష్‌లోనూ ఉండాలి. బరువైన వాహనాలు రాకూడదనే బోర్డు పాఠాన్ని అనువాదానికి ఈమెయిల్ చేశారు. వెంటనే జవాబొచ్చింది, దాన్ని బోర్డు మీద ఎక్కించేశారు. వెల్ష్ చదవగలిగినవాళ్ళు చూస్తే అందులో ఉన్నది 'నేను ప్రస్తుతం ఆఫీసులో లేను, అనువదించాల్సింది ఏమన్నా ఉంటే పంపండి' అని.

మన దగ్గర పేరు సమస్య భాషలమధ్య కంటే కాలాలమధ్య ఎక్కువ. హైదరాబాద్-విజయవాడ రోడ్డును ఇప్పటికీ 'నైన్ హైవే' అనేవాళ్ళున్నారు. 2010లో జాతీయ రహదారుల నంబర్లన్నీ మార్చినప్పుడు అది 65 అయింది. చెన్నై-కోల్‌కతా 5 నంబరు పోయి 16 వచ్చింది. కర్నూలు, అనంతపురం మీదుగా వెళ్ళే 7 నంబరు 44లో కలిసింది. పాత నంబర్లు ఖాళీగా ఉంటే సరిపోయేది, కానీ వాటిని వేరే రోడ్లకిచ్చారు. ఇప్పుడు 9 నంబరు ఢిల్లీ మీదుగా ఉత్తరాఖండ్ వైపు వెళ్తుంది, 5 నంబరు సిమ్లా దారి. సూర్యాపేటలో నిలబడి 'ఎన్‌హెచ్ 9' అని వెతికినవాడికి ఏ రోడ్డు చూపాలి? వెతకడంలో పాత నంబరును ఒప్పుకోవాలి, అదీ ఆ మనిషి ఎక్కడున్నాడో చూసి. దారి చెప్పేటప్పుడు మాత్రం బోర్డు మీదున్న 65 అనే చెప్పాలి. విజయవాడలో ఇదే రోడ్డు ఊళ్ళోకి వచ్చాక కాగితాల్లో మహాత్మా గాంధీ రోడ్డు, జనం నోట బందరు రోడ్డు. బందరు అని ఇప్పుడు ఏ మ్యాప్‌లోనూ పెద్దక్షరాల్లో ఉండదు, మచిలీపట్నం అని ఉంటుంది. అయినా ఆటో ఎక్కి మహాత్మా గాంధీ రోడ్డుకు పోనీయమంటే డ్రైవర్ అద్దంలోంచి ఒకసారి మన మొహం చూస్తాడు.

తెలుగులో దారి చెప్పడం

ఇంగ్లిషు యాప్ చెప్పే మొదటి వాక్యాన్ని తెలుగులోకి తిప్పినవాళ్ళలో చాలామంది '200 మీటర్లలో ఎడమకు తిరగండి' అంటారు. తెలుగువాడి చెవికి ఇది 'ఆ 200 మీటర్ల లోపల ఎక్కడో ఒకచోట తిరుగు' అని వినిపిస్తుంది. మధ్యలో ఎడమవైపు సందు కనిపిస్తే అందులోకి తిప్పేసినా అతని తప్పు కాదు. మనం మామూలుగా అనేది '200 మీటర్ల తర్వాత', లేదా 'ఇంకో 200 మీటర్లు పోయాక'.

ముక్కలు ముక్కలుగా రికార్డు చేసుకుని అంటించుకునే పద్ధతికి తెలుగు అసలు లొంగదు. 'కిలోమీటరు' ఒకటుంది, 'కిలోమీటర్లు' ఉన్నాయి, వెనక 'తర్వాత' చేరితే 'కిలోమీటర్ల' అవుతుంది. అంకె మాటా మారుతుంది: 'రెండు వందలు' కాస్తా 'రెండు వందల మీటర్ల' అవుతుంది. భాషలవారీ నియమాలను పోగుచేసే యూనికోడ్ వాళ్ళ సీఎల్‌డీఆర్ అనే భాండాగారం తెలుగుకు ఏకవచనం, బహువచనం అని రెండు రూపాలు చూపిస్తుంది. రష్యన్‌కు ఇంకా ఎక్కువ, అరబిక్‌కు ఆరు. రోడ్డు దూరానికి ఏ దేశంలో ఏ కొలత అన్నది కూడా అందులో విడిగా ఉంది: అమెరికాకు మైళ్ళు-అడుగులు, బ్రిటన్‌కు మైళ్ళు-యార్డులు. స్వీడన్ వాళ్ళ 'మీల్' కూడా ఉంది, అది పది కిలోమీటర్లు. మాటల్లో వాడతారు గానీ రోడ్డు బోర్డు మీద ఉండదు, మన ఆమడ ఇంకా బతికుంటే అలాగే ఉండేదేమో. దాన్ని ఇంగ్లిషు మైలనుకుని తెలుగు చేస్తే ఆరింతల తేడా. ఓస్మ్‌యాండ్ అయితే ఒక దశలో ఈ వాక్యాల వ్యాకరణాన్ని ఒక్కో భాషకూ ప్రోలాగ్ అనే తర్కం ఆధారిత ప్రోగ్రామింగ్ భాషలో రాసిన నియమాలుగా పెట్టుకుంది. దారి చెప్పడానికి ప్రోలాగ్ ఎందుకని నవ్వుకునేవాళ్ళు ఒకసారి తెలుగు విభక్తులతో కూర్చోవాలి.

ఊరి పేరుకు 'కు' అంటిస్తే చాలనుకుంటే 'గుంటూరుకు' బాగుంటుంది, 'తిరుపతికు' దగ్గర బండి ఆగుతుంది. అక్కడ 'కి' రావాలి. చివరి అచ్చు ఏమిటో చూసి నిర్ణయించాలి. తేలికైన ఉపాయం ఒకటుంది. 'వైపు' అనే మాట వాడితే పేరు కదలకుండా ఉంటుంది: గుంటూరు వైపు, తిరుపతి వైపు, నెల్లూరు వైపు. తెలుగు యాప్ రాసేవాళ్ళు నన్నడిగితే నేను చెప్పే మొదటి సలహా ఇదే.

దశాంశాల సంగతి ఇంతకంటే ముఖ్యం. తెరమీద 1.5 అని ఉన్నదాన్ని యంత్రం 'ఒకటి పాయింట్ అయిదు కిలోమీటర్లు' అని చదువుతుంది. అలా ఎవరు మాట్లాడతారు? కిలోమీటరున్నర అంటాం. 0.5 అంటే అర కిలోమీటరు, 2.5 అంటే రెండున్నర. ఇక్కడ అమెరికాలో ఉన్న తెలుగువాళ్ళకు ఒక అదృష్టం ఉంది. అమెరికా హైవే మీద ఎగ్జిట్ బోర్డులు దశాంశాల్లో ఉండవు, భిన్నాల్లో ఉంటాయి: పావు మైలు, అర మైలు, ముప్పావు మైలు, మైలున్నర. ఈ భిన్నాలకు మనకు ఎప్పటినుంచో ఒక్కో మాట సిద్ధంగా ఉంది. అయినా అనువాదం చేసే యంత్రం '0.25 మైళ్ళు' అని రాస్తుంది. పిల్లల్ని చూడటానికి డల్లాస్ వచ్చి ముందు సీట్లో కూర్చున్న తండ్రి 'సున్నా పాయింట్ రెండయిదు అంటే ఎంతరా?' అని అడగక ఏం చేస్తాడు? పావు మైలంటే ఆయనకు వెంటనే అర్థమవుతుంది. పాతకాలం మనిషైతే 'రెండు ఫర్లాంగులు' అని మనకే తిరిగి చెప్తాడు. మైలుకు ఎనిమిది ఫర్లాంగులు కాబట్టి లెక్క కూడా సరిగ్గా సరిపోతుంది.

యార్డు దగ్గర మాత్రం మన మాట అడ్డొస్తుంది. నిఘంటువు ప్రకారం అది గజం. కానీ హైదరాబాద్‌లో గజం అనగానే జనానికి గుర్తొచ్చేది దూరం కాదు, ప్లాటు. '100 గజాల తర్వాత రైట్' అంటే రియల్ ఎస్టేట్ ప్రకటనలా ఉంటుంది. లండన్‌లో ఉన్న తెలుగువాడికి నేనైతే యార్డులనే చెప్తాను, బోర్డు మీద ఉన్న మాట కూడా అదే కాబట్టి.

తెలుగు వాక్యంలో క్రియ చివర వస్తుంది. రాతలో అది అందం, హైవే మీద ఇబ్బంది. '300 మీటర్ల తర్వాత, గన్నవరం వైపు వెళ్ళే సర్వీస్ రోడ్డులోకి, ఎడమకు తిరగండి' అనే వాక్యం పూర్తవడానికి నాలుగైదు సెకన్లు పడుతుంది. గంటకు 100 కిలోమీటర్ల వేగంతో బండి సెకనుకు దాదాపు 28 మీటర్లు పోతుంది. అంటే ఎడమా కుడా అని తెలిసేసరికి 300లో వంద మీటర్లకు పైగా అయిపోయాయి. ఇంగ్లిషులోనూ దూరమే ముందు వస్తుంది గానీ 'టర్న్ లెఫ్ట్' ఆ వెంటనే వచ్చేస్తుంది, రోడ్డు పేరు ఆ తర్వాత. తెలుగు ఇంగ్లిషు కంటే వంగే భాష, మాటల వరుస మార్చుకోనిస్తుంది. 'లెఫ్ట్ తీసుకోవాలి, 300 మీటర్ల తర్వాత, గన్నవరం సర్వీస్ రోడ్డు' అంటే ఎవరికీ వింతగా ఉండదు. పక్క సీట్లో కూర్చుని దారి చెప్పే మనిషి చెప్పేది కూడా ఇలాగే కదా. ఎడమ, కుడి అనాలా, లెఫ్ట్, రైట్ అనాలా అన్నదానికి కూడా నా జవాబు పక్క సీటు మనిషిదే.

నాలుగు రోడ్లు కలిసే చోటును ఏమనాలో తెలుగులోనే ఒప్పందం లేదు. తెలంగాణలో చౌరస్తా, కోస్తాలో సెంటర్, విశాఖలో జంక్షన్, విజయవాడలో బెంజ్ సర్కిల్ అన్నప్పుడు సర్కిల్, పత్రికల్లో కూడలి. 'కూడలి వద్ద' అని అన్నిచోట్లా ఒకే మాట వాడే యాప్ వార్తలు చదువుతున్నట్టుంటుంది. ఇక్కడా మళ్ళీ అదే సూత్రం పనికొస్తుంది. ఆ చోటు పేరులోనే ఆ మాట ఉంటే దాన్నే వాడాలి, పేరు లేనప్పుడే మనం ఒకటి ఎంచుకోవాలి.

ఇంత చేసినా మన రోడ్లమీద సగం ప్రశ్నలు కొలతకు అందవు. న్యూజెర్సీలో ఎడమకు తిరగాలంటే కొన్ని చోట్ల ముందు కుడి పక్క రాంపులోకి వెళ్ళి చుట్టుకు రావాలి. దాన్ని జగ్‌హ్యాండిల్ అంటారు, ఎడిసన్‌లో కొత్తగా దిగిన మనవాళ్ళందరినీ ఒకసారి తికమక పెట్టే ఉంటుంది. మనకు దానికి సాటి ఫ్లైఓవర్. ఎక్కాలా, కిందనుంచి పోవాలా? పైనా కిందా రోడ్లు ఒకే గీత మీద ఉండటంతో జీపీఎస్‌కు కూడా తేడా తెలియదు. ఎక్కాల్సినచోట 'నేరుగా వెళ్ళండి' అంటే రెండూ నేరుగానే ఉంటాయి. గూగుల్ మ్యాప్స్ ఇండియాలో 2017 డిసెంబర్‌లో టూవీలర్లకు విడిగా దారి చూపడం మొదలుపెట్టింది. ఫ్లైఓవర్ ఎక్కాలో వద్దో చెప్పడం మాత్రం 2024 జులైలో, 40 నగరాల్లో మొదలైంది.

ఇక గుర్తులు. మనవాళ్ళు దారి అడిగితే చెప్పేది మీటర్లలో కాదు, 'గాంధీ బొమ్మ దాటాక', 'పెట్రోల్ బంకు ఎదురుగా', 'వాటర్ ట్యాంకు పక్క సందు'. ఇలా చెప్పాలంటే మ్యాప్‌లో బొమ్మ ఉంటే చాలదు. అది ఎటు తిరిగి ఉంది, మనం వచ్చే వైపునుంచి కనిపిస్తుందా, ముందు ఫ్లెక్సీ కట్టారా అన్నవి కూడా తెలియాలి. ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్‌లో విగ్రహానికీ, బంకుకూ, ట్యాంకుకూ గడులున్నాయి. ఫ్లెక్సీకి మాత్రం అది పండగలకీ పుట్టినరోజులకీ మారిపోతూ ఉంటుంది కాబట్టి, గడి పెట్టినా నింపేవాళ్ళు దొరకరు.